కథాక్రీడకు కాగితపు బిళ్ళలు చాలవా?

ఆట వేఱు, ఆటవస్తువు వేఱు. ఈ భేదము మన పెద్దలకు చక్కగా తెలిసియుండెను. చింతగింజ మేకయగును, గాజుముక్క జీవుడగును, గవ్వ విధియగును. ఆట ముగిసిన పిదప గింజ గింజయే, గవ్వ గవ్వయే. కొనవలసినది లేదు, దాచవలసినది లేదు, పోయినచో ఏడ్వవలసినదియు లేదు. ఇప్పుడో, ఆటకంటె ముందుగా ఆటవస్తువు అంగడినుండి వచ్చుచున్నది. అది లేనివారికి ఆటయే లేదన్న మాట పిల్లల నోట వినబడుచున్నది. ఆ మాటను మాన్పుట యేల యవసరమో, ఎట్లు మాన్పవచ్చునో సోదరీమణులకు మనవి చేయుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

వేసవి సెలవులకు పట్టణములనుండి యిండ్లకు వచ్చిన విద్యార్థులు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను నొక యాటను మా కృత్తివెన్నునకును తెచ్చిరి. దీనిని పాత్రధారణక్రీడ యనవచ్చును. నలుగురైదుగురు బల్లచుట్టునో చాపమీదనో కూర్చుందురు. వారిలో నొకరు కథ నడపువారు. తక్కినవారు తలకొక పాత్రను తాల్తురు; ఒకడు వీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు గజదొంగ. “మీ యెదుట పాడువడిన కోట యున్నది, తలుపు మూసియున్నది, లోపల నెవరో మూల్గుచున్నారు” అని కథకుడు చెప్పును. అప్పుడేమి చేయుదురో ఎవరి పాత్రకు తగినట్లు వారు పలుకవలెను. చేయదలచిన పని నెఱవేఱునో లేదో పాచికలు తేల్చును. ఆ పాచికలలో ఆఱు ముఖములది మాత్రమే కాక యిరువది ముఖములదియు కలదు. చదరంగమునందువలె ఒకరు గెలిచి యొకరు ఓడుట యిందు లేదు. కథ నడచుటయే ఫలము.

తిక్కన సోమయాజి తెలిగించిన విరాటపర్వమును చదివిన గృహిణులకు ఈ వరుస క్రొత్తగా తోపదు. ధర్మరాజు కంకుభట్టుగను, భీముడు వలలుడుగను, అర్జునుడు బృహన్నలగను, ద్రౌపది సైరంధ్రిగను ఒక యేడు మెలగిరి. ఎవరి వేషమునకు తగినట్లు వారు మాటలాడిరి. పాత్ర బయటపడినచో మఱల పండ్రెండేండ్ల యడవి. మన పిల్లలకు అంతటి పందెము లేదు గాని, మఱియొకరి మనస్సులో నిలిచి యోచించుట యను విద్య యొక్కటియే. ఇట్టి యాటను నేను నిందింపను. నా మాట యంతయు ఆ యాటలో నుపయోగించు బొమ్మలను గుఱించినది.

కథలో పోరాటము వచ్చినప్పుడు ఎవరెచ్చట నిలిచియున్నారో తెలియవలెను గదా! అందులకై గళ్ళు గీసిన పటముపై బొటనవ్రేలంత బొమ్మలను నిలుపుదురు. గడి యొక్కొక్కటి అంగుళము. కథలో నది యైదడుగుల నేలకు సమానము. ఆ బొమ్మలు లోహముతోనో ప్లాస్టిక్కుతోనో పోతపోసినవి. సన్నని కుంచెతో రంగులు వేసినవి. చూచుటకు ముచ్చటగనే యుండును. కాని విదేశములనుండి తెప్పించిన బొమ్మ యొక్కటికే కొన్ని వందల రూపాయలగును. వీరులు, శత్రువులు, మృగములు అన్నియు కలిసి యొక్క కథకు ముప్పది నలువది బొమ్మలు కావలసియుండును. లెక్క మీరే వేసికొనుడు.

ఈ వేసవిలో మా వీధి యరుగుపై జరిగినది చెప్పెదను. ఒక బాలునికి మేనమామ అమెరికానుండి అట్టి బొమ్మల పెట్టె నొకటి పంపెను. బొమ్మ యున్నవారే ఆడవలెనని పిల్లలు తమలో తామే కట్టడి చేసికొనిరి. స్నేహితులకు ఆ బాలుడు తలకొకటి యెరువిచ్చెను, తక్కినవారు చూచువారైరి. రొయ్యలచెఱువు కావలి కాయు నతని కూతురు తొమ్మిదవ తరగతి చదువుచున్నది. మూడు దినములు అరుగు చివర కూర్చుండి చూచెను. నాయనమ్మ నోట విన్న కథలు ఆ పిల్లకు ఆ పెట్టెలోని బొమ్మలకంటె నెక్కువగా వచ్చును. నాలుగవదినము రాలేదు. ఏమమ్మా రాలేదని నేనడుగగా, “నాకు బొమ్మ లేదండి, అమ్మగారూ” అనెను. నోట కథ యుండి చేత బొమ్మ లేని పిల్ల బయట నిలిచినచో, ఆ యాట కథల యాట యెట్లగును?

ఆ కట్టడి ఆ యాటను కల్పించినవారు పెట్టినది కాదని కూడ తెలిసికొనదగును. దీనిని 1974లో అమెరికాయందు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిద్దఱు వెలువరించిరి. అది 1971లో వెలువడిన ‘చెయిన్‌మెయిల్’ అను బొమ్మసైనికుల యుద్ధక్రీడనుండి పుట్టినదే. అయినను బొమ్మలు కంటికి ఇంపునిచ్చునే కాని యవశ్యములు కావని, అట్టముక్కలనైనను వాడుకొనవచ్చునని మొదటి పుస్తకములోనే కర్తలు తెలిపిరి. 2010లో ఆ యాటను ప్రచురించు సంస్థయే ‘మాన్‌స్టర్ వాల్ట్’ అను పెట్టెయందు రాక్షసవర్ణనల పుస్తకముతోపాటు బొమ్మలచ్చువేసిన అట్టబిళ్ళలనుంచి విక్రయించెను. అనగా బిళ్ళతో నాడుట బీదతనమునకు గుర్తు కాదు. ఆ యాటకు పుట్టుకతో వచ్చిన హక్కు.

ఇంకను వెనుకకు పోయి చూతము. ప్రష్యాదేశమున 1824లో రైస్విట్జ్ అను సైనికోద్యోగి ప్రకటించిన యుద్ధక్రీడలో సేనలను తెలుపుటకు ఎఱుపు, నీలము వన్నెల చిన్న దిమ్మలుండెను. వానికి మొగములు లేవు, ఖడ్గములు లేవు. ఎవరి సేన యెచ్చట నున్నదో తెలుపుటయే వాని పని. నడుమ నొక మధ్యవర్తి కూర్చుండి ఫలితములను నిర్ణయించుచుండెను. ప్రష్యా సైన్యాధికారులు ఆ దిమ్మలతోనే రణతంత్రము నభ్యసించిరి. సీసపు సైనికులను నేలపై నిలిపి యాడు వేడుకను 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున వర్ణించినవాడు హెచ్. జి. వెల్స్. నేటి మన పిల్లల బల్లపై ఈ రెండు త్రోవలును కలిసియున్నవి. ఒకటి గుర్తు త్రోవ, రెండవది ప్రతిమ త్రోవ.

మన యిండ్లలో గుర్తు త్రోవయే తఱచు. పులిజూదమున మూడు పులులు, పదునైదు మేకలు. గుడి మండపపు రాతిపై పటము గీసి, పెద్దఱాళ్ళు పులులుగను, చిన్నఱాళ్ళు మేకలుగను పెట్టి యాడుదురు. పులికి చారలు లేవని ఆట నాపినవారిని మీరు చూచితిరా? అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేసి, ఒకరు చింతగింజలను, ఒకరు గాజుముక్కలను నడిపింతురు. ప్రత్యర్థి కాయను చంపునప్పుడు కలుగు సంతోషమునకు కొఱత యేమున్నది? వైకుంఠపాళిలో పాముల నోట పడుచు, నిచ్చెనలెక్కుచు పరమపదమునకు పోవునది సాక్షాత్తు జీవుడు. అంతటి జీవునికి మనమిచ్చిన రూపము విఱిగిన గాజుముక్క! పాము నోట పడినప్పుడు అయ్యో యనుచున్నది మన మనస్సు, గాజుముక్క కాదు.

బొమ్మలలోను మనకు రెండు తెగలున్నవి. కొండపల్లి బొమ్మను చూడుడు. తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొడియు కలిపిన మక్కుతో అవయవములనతికి, రంగులు పూసి చేసినది. నాలుగు వైపులనుండియు చూడదగినది. సంక్రాంతికి బొమ్మలకొలువులో పీటవేసి కూర్చుండబెట్టి పేరంటాండ్రకు చూపుదుము. ఇక తోలుబొమ్మను చూడుడు. మేకతోలును పలుచగ చేసి, రంధ్రములు పొడిచి, రంగులద్ది చేసినది. దానికి మందము లేదు. ప్రక్కకు త్రిప్పినచో గీతయే. కాని తెఱవెనుక దీపము వెలిగించి ఆడించినప్పుడు హనుమంతుడు సముద్రమును దాటును, రావణుడు పది తలలతో గర్జించును. ఆట దీర్ఘమైనప్పుడు ఒకే పాత్రకు సందర్భమునుబట్టి వేర్వేఱు బొమ్మలను తెచ్చుటయు కలదు. రాత్రి తెల్లవాఱులును జనమును కూర్చుండబెట్టినది ఈ బల్లపఱుపు బొమ్మయే. కొలువులోని బొమ్మ చూచుటకు. ఆటలోని బొమ్మ కదల్చుటకు. ఆ బాలుని పెట్టెలోనివి కొలువు బొమ్మలు. వానిని ఆటకు ద్వారపాలకులుగా నిలుపుటయే తగనిది.

బిళ్ళకు ప్రతిమకు లేని గుణమొకటి కలదు. దానికి రెండు ముఖములున్నవి. ఒకవైపు బంగారులేడిని వ్రాసి, రెండవవైపు మారీచుని వ్రాయవచ్చును. లేడిని తఱుముకొనిపోయిన వీరుడు బాణము వేసిన క్షణమున బిళ్ళను త్రిప్పినచో పిల్లలందఱు కెవ్వుమందురు. ఒకవైపు బృహన్నల, రెండవవైపు గాండీవధారి. ఒకవైపు నిలిచినవాడు, రెండవవైపు గాయపడినవాడు. ఇట్టి మాఱుపాటు పోతపోసిన బొమ్మకు సాధ్యము కాదు. దానికి రెండవ బొమ్మను కొనవలెను. మఱియు తన పాత్రను తానే గీసి, పేరు తానే వ్రాసికొన్న పిల్లకు ఆ పాత్రపై కలుగు మమత అంగడిబొమ్మపై కలుగదు. నలువది బిళ్ళలు ఒక చిన్న బరిణెలో పట్టును. విఱుగునన్న భయము లేదు.

ఆక్షేపణలు లేకపోలేదు. దూరమునుండి చూచినచో బిళ్ళలన్నియు నొక్కతీరుగ కనబడునందురు. నిజమే. అంచునకు రంగు వేసి, రాక్షసులకు అంకెలు వ్రాసినచో ఆ చిక్కు తీఱును. ఎటువైపు చూచుచున్నాడో తెలియదందురు; అంచుపై బాణపుగుర్తు వ్రాయుడు. ఎగురు పక్షిని నేలనున్నవానినుండి యెట్లు వేఱుచేయుదుమందురు. బిళ్ళక్రింద నొక డబ్బామూతను బోర్లించుడు. బొమ్మకు రంగులు వేయుటలో చేతికి నేర్పును, మనస్సునకు నిలుకడయు కలుగుననునది అన్నిటికంటె బలమైన మాట. దానిని నేను కాదనను. రంగులు వేయువారు వేసికొందురు గాక, అది చిత్రకళ. దానిని కథలోనికి ప్రవేశరుసుముగా మాత్రము చేయరాదు. మఱియొక హెచ్చరిక: పాత లోహపు బొమ్మలలో సీసము కలియుట వాడుక. సీసము పసిపిల్లల మెదడునకు హాని చేయును గనుక, ఏ కాలపువో తెలియని లోహపు బొమ్మలను నోట పెట్టుకొను వయస్సు పిల్లలకందనీయకుడు.

ఇక చేయు విధము. ఇంటింట పడియుండు పెండ్లి శుభలేఖల అట్ట దీనికి మిక్కిలి తగినది. పదిరూపాయల నాణెము వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానిని అట్టపై పెట్టి చుట్టును గీతగీసి కత్తిరింపుడు. అది అంగుళముకంటె కొంచెము పెద్దది గావున పటముపై గడిని 3 సెంటీమీటర్లుగా గీయుడు; బిళ్ళ సుఖముగా కూర్చుండును. ఏనుగు, మహాసర్పము వంటివి రెండు గళ్ళ వెడల్పున 6 సెంటీమీటర్ల బిళ్ళలుగను, అంతకంటె పెద్ద రాక్షసులు మూడు గళ్ళ వెడల్పున 9 సెంటీమీటర్ల బిళ్ళలుగను ఉండవలెను. రెండు బిళ్ళలను వీపు వీపు చేర్చి యతికినచో గట్టిపడును, రెండువైపులను బొమ్మ గీయవచ్చును.

మా తీరమున గాలి యెక్కువ. విసనకఱ్ఱ కదిలినను కాగితము లేచిపోవును. అందుచేత రెండు అట్టల నడుమ పలుచని చింతగింజపప్పు ముక్కనో, చెల్లని చిన్ననాణెమునో పెట్టి యతికింపుడు. బరువునకు బిళ్ళ కదలదు. మైదా జిగురు చాలును. పుస్తకములకు అట్టలు కట్టువారు పురుగు పట్టకుండుటకై జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము, పిల్లల చేతిలో నాడు వస్తువులకు తగదు. అతికినవానిని పుస్తకముల క్రింద నొకరాత్రి యదిమి, మఱునాడు నీడలో నార్పినచో వంకరపోవు. వానకాలమున చెమ్మకు మెత్తబడకుండ, పారదర్శకమైన టేపును రెండువైపులను అంటింపవచ్చును.

పక్షములను గుర్తించుటకు మాకు పెడన దగ్గఱ గనుక నొక సులభోపాయము దొరకినది. అచ్చట టేకుచెక్క అచ్చులతో కలంకారీ అద్దకము చేయుదురు. ఆ గుడ్డతో కుట్టించుకొన్న రవికలలో మిగిలిన పీలికలు ప్రతియింటను ఉండును. ఒక్కొక్క జట్టు బిళ్ళల యంచున ఒక్కొక్క పూవు పీలికను అంటించినచో ఎవరు ఏ జట్టువారో చూపుతోనే తెలియును. రెండుముఖముల రహస్యము గల బిళ్ళలకు మాత్రము ఈ యలంకారము పనికిరాదు, బయటపెట్టును.

పటము సంగతి మన చేతిలోని విద్యయే. చుక్కలముగ్గు వేయుట వచ్చిన ఆడపిల్లకు గళ్ళపటము గీయుట యెంత? వాకిటనో వసారాలోనో సమదూరమున చుక్కలు పెట్టి గీతలు కలిపినచో పండ్రెండు గళ్ళ కోట పది నిమిషములలో సిద్ధము. గోడలు, బావి, మెట్లు, రహస్యద్వారము ఎక్కడ కావలెనన్న అక్కడ గీయవచ్చును. కథ మాఱినచో తుడిచివేయవచ్చును. ముగ్గు చేయి ఆడపిల్లలది. కాబట్టి పటము గీయు పని వారి చేతికి వచ్చును. పటము గీయువారికి కోటలో నేముండవలెనో నిర్ణయించు అధికారమును వచ్చును. ఇది చిన్న విషయము కాదు.

మా యరుగు సంగతి ముగించెదను. రెండు శుభలేఖలు కత్తిరించి పిల్లలందఱకును తలకొక బిళ్ళ నిచ్చి, ఎవరి పాత్రను వారే వ్రాసికొనుడంటిని. బొమ్మల పెట్టె గల బాలుడు మొదట మొగము ముడుచుకొనెను. తన వీరుని ప్రతిమను బిళ్ళల నడుమ నిలుపుకొనియే యాడెను. ఎవ్వరును కాదనలేదు. కావలివాని కూతురు మొదట పాత్రధారిణిగా కూర్చుండి, రెండవవారమునకు కథ నడపుటకు పూనుకొనెను. ఉప్పుటేఱు సముద్రమున కలియుచోట మునిగిన డచ్చివారి యోడ, దానిలో తాళము వేసిన గది, ఆటుపోటులనుబట్టి మాత్రమే తెఱచుకొను తలుపు. పోటు వచ్చువేళ యేదో, ఏ గాలికి నీరెంత యెక్కునో ఆ పిల్లకు తెలిసినట్లు తక్కినవారికి తెలియదు. అమెరికా బొమ్మ గల బాలుడే “తరువాత నేమాయెను?” అని యందఱికంటె ముందుగా నడుగుచుండెను. ఒకనాడు సాయంకాలము తండ్రి చెఱువునుండి వచ్చి, కూతురు పదిమందికి కథ చెప్పుచుండగా వీధిలో నిలిచి విని, పిలువకయే ఇంటికి పోయెను.

సోదరీమణులారా, పిల్లలు బొమ్మలడిగినప్పుడు కొనలేమని చెప్పుటకు సిగ్గుపడవలసిన పని లేదు; కొనగలిగినవారు కొనుటయు తప్పు కాదు. కాని ఇంటిముందు పదిమంది పిల్లలు చేరి ఆడునప్పుడు, ఎవరి చేతిలో నేమున్నదని గాక ఎవరి నోట నేమి పలుకునని చూచు మర్యాదను మనము నేర్పవలెను. దానికి కావలసినవి ఒక పాత శుభలేఖ, ఒక కత్తెర, ఒక పదిరూపాయల నాణెము. నాణెమును గీత గీసిన పిమ్మట తిరిగి కొంగున ముడివేసికొనవచ్చును.